జీఆర్ఈకి మీరు సిద్ధమేనా? తేల్చుకోవడానికి పది తిరుగులేని చిట్కాలు

బీటెక్ మూడో ఏడు దాటిన పిల్లలున్న ఇంటికి ఈ మధ్య వెళ్లారా? కాఫీ వచ్చేలోపే ఆ ప్రశ్న వస్తుంది. "ఏరా, జీఆర్ఈకి రెడీయేనా?" పిల్లవాడు తల అటూ ఇటూ కాకుండా ఊపుతాడు. "అయిపోవచ్చింది మావయ్యా, ఇంకొక్క నెల." నిరుడు సంక్రాంతికీ ఒక్క నెలే అన్నాడు, ఈ దసరాకీ ఒక్క నెలే అంటున్నాడు. వాడి తప్పేమీ లేదు. సిద్ధమయ్యామో లేదో తేల్చుకునే విద్య ఎవరూ నేర్పకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఆ లోటు తీర్చడానికే ఈ చిట్కాలు.

ముందుగా ఒక హెచ్చరిక. ఈ పరీక్ష మొత్తం 1 గంట 58 నిమిషాలు. 2023 సెప్టెంబరులో కుదించక ముందు దాదాపు మూడు ముప్పావు గంటలు ఉండేది. ఇప్పుడు ఒక వ్యాసం, వెర్బల్‌లో 27 ప్రశ్నలు, క్వాంట్‌లో 27 ప్రశ్నలు, అంతే. అంటే తలుపేసుకుని రెండు గంటలు కూర్చుంటే మీరు సిద్ధమో కాదో తేలిపోయే ప్రమాదం ఉంది. అందుకని ఆ ఒక్క పని తప్పించి మిగతా దారులన్నిట్లోనూ తేల్చుకోవడం ఎలాగో చెబుతాను.

1. పుస్తకాల ఎత్తు చూడండి

మనం సిద్ధమవుతున్నట్టు ముందు ఇంట్లోవాళ్ల కంటికి కనిపించాలి. టేబుల్ మీద పుస్తకాలు మోచేతి ఎత్తు దాటాయంటే సగం పని అయినట్టే. కోఠీలో పాత పుస్తకాల కొట్లున్నాయి, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉంది, పెద్దగా ఖర్చు కాదు. ఎడిషన్ మాత్రం చూడకండి. ఎంత పాతదైతే అంత గట్టి సరుకు. వాటిలో యాంటొనిమ్స్, అనాలజీలు వందల కొద్దీ ఉంటాయి. ఆ రెండింటినీ 2011 ఆగస్టులోనే పరీక్షలోంచి ఎత్తేశారని ఎవరైనా గుర్తుచేస్తే, "అడగనివి కూడా వచ్చుంటే మంచిదేగా" అనండి. వాటి మీద మూడు నెలలు పెడితే అడిగేవాటి జోలికి వెళ్లే తీరిక ఎలాగూ ఉండదు.

పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్లే తయారుచేసే అఫీషియల్ గైడు ఒకటుంటుంది. అసలు ప్రశ్నలు ఎలా ఉంటాయో అందులో ఉంటుంది కాబట్టి దాన్ని అన్నిటికంటే అడుగున పెట్టండి. పై పుస్తకాలు కదలకుండా నిలబడతాయి.

2. పదాల లెక్క చెప్పగలగాలి

"ఎన్ని పదాలయ్యాయి?" అని ఎవరైనా అడిగితే టక్కున ఒక అంకె చెప్పగలగాలి. అందుకు పాత గైడ్లలో ఉండే 3500 పదాల జాబితాను మించింది లేదు. 'ఏ' దగ్గర మొదలుపెట్టి వరసగా బట్టీ పట్టండి. 'సి' దగ్గరికి వచ్చేసరికి మేనత్త కూతురి పెళ్లి వస్తుంది, పది రోజులు పుస్తకం ముట్టరు. తిరిగొచ్చాక మొదట్లోవి మర్చిపోయారేమోనన్న అనుమానంతో మళ్లీ 'ఏ' నుంచి మొదలుపెట్టండి. మన దగ్గర 'అబేట్' తెలియని ఇంజినీరు లేడు, 'వెనల్' మొహం చూసినవాడూ లేడు.

పదం వాక్యంలో ఎలా కూర్చుందో పట్టించుకోవద్దు. పరీక్షలో మాత్రం అంతా వాక్యంతోనే పని. ఒక పేరాలో మూడు ఖాళీలిస్తారు. రెండు సరిగ్గా నింపి మూడోది తప్పితే సున్నాయే, సగం మార్కు కూడా రాదు. ఇంకో రకంలో ఆరు పదాలిచ్చి, వాక్యానికి ఒకే అర్థం తెచ్చే రెండింటిని పట్టుకోమంటారు. అక్కడా ఒకటి తప్పితే రెండూ పోయినట్టే. పైగా వెర్బల్‌లో దాదాపు సగం ప్రశ్నలు ప్యాసేజీ చదివి జవాబు చెప్పేవి. ఇవన్నీ విని ఇంగ్లీషులో నాలుగు పేజీల వ్యాసం చివరిదాకా చదివే అలవాటు గనక చేసుకున్నారంటే పదాల లెక్క దెబ్బతింటుంది. జాగ్రత్త.

3. లెక్కలు మనకు వెన్నతో పెట్టిన విద్య

ఎంసెట్ రాసినవాడికి జీఆర్ఈ లెక్కలేమిటి, అంతా పదో తరగతి సిలబసే కదా. నిజమే, అక్కడ క్యాలిక్యులస్ లేదు, త్రికోణమితి లేదు. స్క్రీన్ మీద క్యాలిక్యులేటర్ కూడా ఇస్తారు. ఈ మూడు ముక్కలూ రోజుకోసారి అనుకుంటే క్వాంట్ ప్రిపరేషన్ ముగిసినట్టే.

ఎవరైనా మీ మీద ఈ ప్రశ్న వదిలితే కంగారు పడకండి: ఒక పక్క ఎక్స్ స్క్వేర్, రెండో పక్క ఎక్స్. ఎక్స్ సున్నా కంటే పెద్దదని మాత్రం చెప్పారు. ఏ పక్క పెద్దది? మీరు ఎక్స్ బదులు 2 వేస్తారు. నాలుగొచ్చింది, మొదటి పక్క పెద్దది. అనుమానం మిగలకూడదని 3 కూడా వేస్తారు. తొమ్మిదొచ్చింది. ఇంకేం కావాలి, నొక్కెయ్యండి. పొరపాటున అర వేసి చూశారో, వర్గం చేస్తే పావు వస్తుంది, రెండో పక్క పెద్దదైపోతుంది. 1 వేస్తే రెండూ సమానం. చివరికి 'ఇచ్చిన సమాచారంతో చెప్పలేం' అన్న నాలుగో ఆప్షనే సరైన జవాబని తేలి, ఇన్నాళ్ల నమ్మకం కాస్తా పోతుంది. క్వాంట్‌లో ఇలాంటి పోలిక ప్రశ్నలు చాలానే వస్తాయి. వీటిలో లెక్క చేయడం రావడం కంటే, ఎక్కడ తొందరపడకూడదో తెలియడం ముఖ్యం. తొందర మన బలం కాబట్టి ఆ సాధన మనకొద్దు.

జామెట్రీ బొమ్మల విషయంలో కూడా ఇంతే. బొమ్మల్ని కొలతల ప్రకారం గీసి ఉండకపోవచ్చని సూచనల్లోనే రాస్తారు. సూచనలు చదివే అలవాటు మనకెక్కడిది? చతురస్రంలా కనిపిస్తే చతురస్రమే.

4. వ్యాసానికి ఒక్కటి చాలు

ముప్పై నిమిషాల వ్యాసానికి 0 నుంచి 6 దాకా స్కోరు వేస్తారు. దీనికి ప్రిపేర్ కావడమంటే సీనియర్ ఇచ్చిన వ్యాసం ఒకటి బట్టీ పట్టడం. టెక్నాలజీ అడిగినా, విద్య అడిగినా, ప్రభుత్వం అడిగినా మొదటి పేరా, చివరి పేరా అవే ఉంచి నడుమ మాటలు మార్చుకోవచ్చు. ఇంకొకరి వ్యాసంతో పోలికలు కనబడితే ఈటీఎస్ స్కోరు రద్దు చేయొచ్చంటారు గానీ, మన సీనియర్ అది మరో అరవై మందికి ఇచ్చి ఉంటాడని ఎందుకనుకోవాలి?

అడగబోయే వ్యాసాల టాపిక్‌లన్నీ ఈటీఎస్ తన సైటులో ముందే పెట్టేస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు. ఉచితంగా దొరికేదానికి విలువేముంటుంది, వదిలేయండి. పరీక్షలో టైప్ చేసే చోట స్పెల్లింగ్ సరిచేసే సదుపాయం ఉండదని కూడా తెలుసుకోకండి. ఫోను తప్పులు దిద్దిపెట్టడానికి అలవాటుపడ్డ వేళ్లు ఆ రోజు ఏం రాస్తాయో ఆ రోజే చూసుకోవచ్చు.

5. మాక్ టెస్ట్‌ను దూరంగా ఉంచండి

అన్ని చిట్కాల్లోకీ ఇదే ముఖ్యం. ఈటీఎస్ వాళ్లు పవర్‌ప్రెప్ పేరుతో రెండు పూర్తి పరీక్షల్ని ఉచితంగా ఇస్తారు. అసలు పరీక్ష ఎలా నడుస్తుందో అవీ అలాగే నడుస్తాయి. మొదటి సెక్షన్‌లో మీరు ఎలా రాశారో చూసి రెండో సెక్షన్ కష్టం మారుతుంది, గడియారం అదే, స్కోరు వేసే తీరూ అదే. కాబట్టి రాసినవాడికి తన సంగతి ఇంచుమించుగా తెలిసిపోతుంది. అంతకంటే అపాయం ఏముంటుంది?

అందుకని మొదటి నియమం: "పూర్తిగా రెడీ అయ్యాక రాద్దాం" అని వాటిని దాచుకోండి. పూర్తిగా రెడీ అయ్యామో లేదో చెప్పేది అవే కాబట్టి, ఆ రోజు ఎప్పటికీ రాదు.

ఇంట్లో పోరు పడలేక రాయాల్సి వస్తే, ఇలా రాయండి. వ్యాసం వదిలేయండి, అది ఎవరు దిద్దుతారు గనక. వెర్బల్ మొదటి సెక్షన్ పొద్దున టిఫిన్ తర్వాత రాయండి. 12 ప్రశ్నలకు 18 నిమిషాలని ఉంటుంది, అంటే ప్రశ్నకు నిమిషంన్నర. ఆ నిమిషంన్నరలో ప్యాసేజీ చదవడం కూడా కలిసే ఉందన్నది మనకు అనవసరం. పాజ్ చేసి ఆలోచించండి. పక్కన ఫోనులో డిక్షనరీ తెరిచి ఉంచుకోండి. "ఈ పదం నాకు తెలిసిందే, జస్ట్ గుర్తురాలేదు" అనుకుంటే అది కాపీ కిందికి రాదు. క్వాంట్ సాయంత్రం, మిగిలినవి ఆదివారం. ఇలా రాస్తే 325 పైచిలుకు రావడం ఖాయం.

ఆ స్కోరు మీద కూడా తృప్తి లేకపోతే అదే పరీక్ష మళ్లీ రాయండి. ప్రశ్నలు గుర్తుంటాయి కాబట్టి పది పాయింట్లు పెరుగుతాయి. దాన్నే 'ఇంప్రూవ్‌మెంట్' అంటారు. ఇంట్లో చూపించడానికి స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. బామ్మకు పక్కింటావిడతో చెప్పుకోవడానికి ఆ అంకె చాలు.

6. తప్పులన్నీ సిల్లీ మిస్టేకులే

పరీక్ష రాసేశారు, పది తప్పులు పోయాయి. ఏం పోయాయో చూడకండి. "తొమ్మిది సిల్లీ మిస్టేక్స్, ఒక్కటే రాలేదు" అని ప్రకటించండి. సిల్లీ మిస్టేక్ అంటే అసలు పరీక్ష రోజున దానంతటది మాయమైపోయే తప్పు అని మన నమ్మకం.

కొందరు మొండివాళ్లు నోట్‌బుక్ పెట్టి ప్రతి తప్పుకీ ఒక వరస రాస్తారు: విషయం తెలియక పోయిందా, ప్రశ్న సరిగ్గా చదవక పోయిందా, టైము చాలక పోయిందా, రెండు జవాబుల మధ్య ఊగిసలాడి పోయిందా అని. పది రోజుల్లో వాళ్లకు తమ తప్పులన్నీ రెండు మూడు చోట్లే పుడుతున్నాయని తెలుస్తుంది. తర్వాత వాళ్లు మిగతావన్నీ వదిలేసి ఆ రెండు మూడింటి మీదే పడతారు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి. అలాంటివాళ్లతో స్నేహం చేయకండి.

7. ఎదుటివాడి స్కోరే మన కొలబద్ద

మీకెంత రావాలో మీకు తెలియనక్కర్లేదు. డాలస్‌లో ఉన్న పెదనాన్న కొడుక్కి ఎంతొచ్చిందో తెలిస్తే చాలు. అన్నయ్యకు 320 వస్తే మీకు 321 కావాలి, అంతకు ఒక్కటి తగ్గినా మీరు సిద్ధం కానట్టే. అన్నయ్య రాసింది ఏ ఏడాదో, వెళ్లింది ఏ కోర్సుకో అడిగితే పెద్దవాళ్లను ప్రశ్నించినట్టవుతుంది.

వెర్బల్, క్వాంట్ వేర్వేరుగా ఒక్కోటి 130 నుంచి 170 దాకా ఉంటాయి. అయితే అంకె ఒకటే అయినా బరువు ఒకటి కాదు. వెర్బల్‌లో 160 వచ్చినవాడు పదిమందిలో ఎనిమిదిమందిని దాటినట్టు. క్వాంట్‌లో అదే 160 వస్తే ఇంచుమించు సగం మందినే దాటినట్టు. కంప్యూటర్ సైన్సుకు అప్లై చేసేవాడికి రెండో అంకె ముఖ్యం. అందుకని రెండూ కూడేసి, మొత్తం ఒక్కటే చెప్పుకోండి. కూడిక మన సౌకర్యం కోసమే పుట్టింది.

మీరు వెళ్లాలనుకునే డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి చూడొద్దు. కరోనా ఏడాది 2020 తర్వాత అమెరికాలో చాలాచోట్ల జీఆర్ఈని ఐచ్ఛికం చేశారు, కొన్నిచోట్ల అడగడమే మానేశారు. మీ జాబితాలో ఐదింటికి నాలుగు అసలు స్కోరే అడగవని ఆరు నెలలు కష్టపడ్డాక తెలిస్తే గుండె తట్టుకోదు. తెలియకుండా ఉంటేనే ఆరోగ్యం.

8. తేదీకి తొందర లేదు

తేదీ బుక్ చేస్తే చదవాల్సి వస్తుంది. కాబట్టి చదివాక బుక్ చేద్దామనుకోండి. ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సీటు కోసం చాలా యూనివర్సిటీలు ముందటేడు డిసెంబరుకే అప్లికేషన్లు మూసేయడం మొదలుపెడతాయి. మీరు నవంబరు చివర్లో లేచి స్లాట్ వెతకండి. అప్పటికి అందరూ అక్కడే ఉంటారు, తోడు దొరుకుతుంది.

ఒకసారి రాశాక మళ్లీ రాయాలంటే 21 రోజులు ఆగాలి, పన్నెండు నెలల్లో ఐదుసార్లు మాత్రమే రాయొచ్చు. సెప్టెంబరులో రాసినవాడికి బెడిసికొట్టినా ఇంకోసారి రాసుకునే వ్యవధి ఉంటుంది. నవంబరు చివర రాస్తే ఆ బెడద ఉండదు. తేదీ మార్చుకోవాలంటే పరీక్షకు కనీసం నాలుగు రోజుల ముందు మార్చుకోవాలి, ఫీజు వేరే. మూడో రోజున భయం పుట్టేలా చూసుకోండి.

ఇక తేదీ ఎంచుకునే పద్ధతి. పంచాంగం ముందు, మాక్ స్కోరు తర్వాత. రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం తీసేయగా మిగిలిన గంటల్లో సెంటర్ ఖాళీ ఉంటే అదే మీ ముహూర్తం. చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక కోరుకుంటూ 11 ప్రదక్షిణలు, తీరాక 108 చేయడం ఆచారం. ఎంతో మంది వీసా కోసం తిరుగుతారు. స్వామి మీద భక్తి మంచిదే. గాలిలో దీపం పెట్టి ఆయన మీద భారం వేయడమే మన చిట్కా.

9. పేరులో ఏముంది

పరీక్షకు సిద్ధం కావడమంటే చదువొక్కటే అని నమ్మండి. కాగితాల సంగతి ముందురోజు రాత్రికి వదిలేయండి. మనవాళ్ల పేర్లు ఎంత సుఖమో చూడండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, అసలు పేరు రెండు ముక్కలైతే ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి. ఈటీఎస్ ఖాతా తెరిచేటప్పుడు ఈ నాలుగింట్లో నచ్చింది పెట్టుకోండి. రిజిస్ట్రేషన్‌లో పేరు గుర్తింపు కార్డులో పేరుతో అచ్చుగుద్దినట్టు కలవాలని వాళ్ల నియమం. కలవకపోతే లోపలికి రానివ్వకపోవచ్చు, కట్టిన వేలూ పోవచ్చు. పాస్‌పోర్టు గడువు ఎప్పుడు ముగుస్తుందో చూడటం కూడా ఆ రాత్రి పదకొండింటికే పెట్టుకుంటే ఇంటిల్లిపాదికీ కాలక్షేపం. నాన్నగారు బీరువా తాళాల కోసం వెతుకుతారు, అమ్మ టీ పెడుతుంది, మీరు మిగిలిన పదాల జాబితా 'ఏ' నుంచి మొదలుపెడతారు.

10. హాల్లో కూర్చున్నాక

జేఈఈ, గేట్ రాసిన అలవాటు కొద్దీ తెలియని ప్రశ్న ఖాళీగా వదిలేయండి. జీఆర్ఈలో తప్పు జవాబుకు మార్కు కోయరు, గుడ్డిగా నొక్కినా పోయేదేమీ లేదు. అయినా పౌరుషం ఉన్నవాడు తెలియనిది నొక్కడు. మొదటి కష్టమైన ప్రశ్న దగ్గరే ఆగి ఏడు నిమిషాలు పోరాడండి. సెక్షన్ లోపల ముందుకూ వెనక్కూ తిరగొచ్చు, గుర్తుపెట్టి తర్వాత రావొచ్చు అని చెబితే వినకండి, వెన్నుచూపడం మన ఇంటా వంటా లేదు.

పరీక్ష ముగిశాక స్కోరు ఉంచాలా, రద్దు చేయాలా అని స్క్రీన్ అడుగుతుంది. రద్దంటే స్కోరు కనబడదు. ఉంచితే వెర్బల్, క్వాంట్ అంకెలు అప్పటికప్పుడే చూపిస్తారు. బాగాలేని స్కోరు యూనివర్సిటీకి పంపకుండా, మంచిది మాత్రమే పంపుకునే వీలుంది. ఒకసారి వచ్చిన స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. ఇవేవీ తెలియకుండా వెళ్తే చెయ్యి వణికి రద్దు మీద పడుతుంది. ఇక జీవితాంతం "ఆ రోజు గనక క్యాన్సిల్ చేయకపోతేనా, 330 వచ్చేది" అని చెప్పుకోవచ్చు. కాదనే మొనగాడెవడు?

ఈ పదీ నిష్ఠగా పాటిస్తే మీరు సిద్ధమో కాదో ఎవరికీ, ముఖ్యంగా మీకు, ఎప్పటికీ తెలియదని హామీ ఇస్తున్నాను. నా మాట కాదని ఈ ఆదివారం ఫోను అమ్మ చేతికిచ్చి, తలుపేసుకుని, పాజ్ లేకుండా, వ్యాసంతో సహా ఆ ఉచిత పరీక్ష ఒక్కటి రాశారనుకోండి. మీ స్కోరు మీకు కావలసిన దానికి చేరువలో ఉంటే అదే సాయంత్రం తేదీ బుక్ చేసేస్తారు. దూరంగా ఉంటే ఎక్కడ ఎంత తక్కువో తెలుస్తుంది, ఎన్ని వారాలు పడుతుందో లెక్క కూడా దొరుకుతుంది. ఇక మావయ్య అడిగితే "ఇంకొక్క నెల" అనే పని ఉండదు, నా చిట్కాలతోనూ పని ఉండదు. కాబట్టి ఆ పని మాత్రం చేయకండి.